పంతులు పోయాక చుక్క: జత పోయిన ఒక రామచిలుక కేసు

జతగా బతుకుతున్న రెండు పక్షుల్లో ఒకటి జబ్బు పడితే మనం ఒక కేసు షీటే తెరుస్తాం. ఈ కేసులో నేనూ అదే చేశాను. మగ చిలుకకు పంతొమ్మిది రోజులు వైద్యం చేశాను, రోజూ తూకం రాసుకున్నాను. పక్కనే కూర్చుని చూస్తున్న ఆడ చిలుకను ఒక్కసారి కూడా తూకం వేయలేదు. ఆ పొరపాటు వల్ల తరవాతి వారం ఎంత కష్టమైందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. పక్షులను చూసే తోటి డాక్టర్లకూ, ఇంట్లో ముసలి చిలుక ఉన్నవాళ్లకూ పనికొస్తుందని ఆశ. కుటుంబం అనుమతి ఉంది. మనుషుల పేర్లు రాయడం లేదు. చిలుకల పేర్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచమని వాటిని పెంచిన టీచరమ్మగారు కోరారు.

ఇద్దరి చరిత్ర

రెండూ మన రామచిలుకలే. పంతులు మగది, మెడ చుట్టూ నలుపు, గులాబీ రంగు పట్టీ ఉండేది. పాతికేళ్ల కిందట సికింద్రాబాద్‌లో చిలక జోస్యం చెప్పే ఒకాయన ఆ పని మానేస్తూ, ఈ టీచరమ్మగారి చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. అప్పటికే మెడలో పట్టీ ఉందట. మగ చిలుకకు ఆ పట్టీ పూర్తిగా రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. ఆ లెక్కన పోయేనాటికి దానికి కనీసం ఇరవై ఏడేళ్లు. మనిషి సంరక్షణలో రామచిలుక బాగా బతికితే 25 నుంచి 30 ఏళ్లు ఉంటుంది, కాబట్టి నిండు ఆయుష్షే. జోస్యానికి వాడే రోజుల్లో పదే పదే రెక్కలు కత్తిరించడం వల్ల ఎడమ రెక్కలో పెద్ద ఈకలు మళ్లీ సరిగా రాలేదు. అది ఎప్పుడూ ఎగరలేదు.

చుక్క ఆడది. పంతొమ్మిదేళ్ల కిందట సంక్రాంతి నాడు గాలిపటం దారం రెక్కకు చుట్టుకుని ఆ ఇంటి డాబా మీద పడింది. గాయం మానింది కానీ మోచేతి కీలు బిగుసుకుపోయింది. అదీ ఎగరలేదు. పంతులు పక్కన పెట్టిన రోజు నుంచి రెండూ ఒకే పంజరం.

ఒక మాట ముందే చెప్పాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు చిలుకలను పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో పెంచడం నేరం. దెబ్బ తగిలిన పక్షి దొరికితే అటవీ శాఖకు అప్పగించాలి. ఈ ఇంట్లో వాళ్లకు ఆ సంగతి చాలా ఏళ్లు తెలియదు. ప్రేమతో చేశారు, కానీ చట్టం విషయం చట్టమే. అది కూడా ఈ కేసులో ఒక భాగమైంది, చివర్లో వస్తాను.

రామచిలుకల జత బంధం కాకటూల (తల మీద జుట్టుండే విదేశీ చిలుకల) బంధమంత గట్టిది కాదని పుస్తకాల్లో ఉంటుంది. సీజను కానప్పుడు ఆడదే పెత్తనం చేస్తుంది, మగదాన్ని దూరంగానే ఉంచుతుంది. చుక్క కూడా అంతే. గిన్నె దగ్గర ముందు తనే తినాలి, ఆ తరవాతే పంతులు రావాలి. కానీ పంతొమ్మిదేళ్లు ఎగరలేక ఒకే చోట ఉన్న రెండు పక్షులకు ఆ పుస్తకం మాట ఎంతవరకు వర్తిస్తుంది? ఒకటి గది దాటి కనిపించకపోతే రెండోది పిలిచేది. నిద్ర ఒకే కర్ర మీద. జనవరి వచ్చిందంటే పంతులు తిన్నది కక్కి చుక్క నోటికి అందించేది. జత కట్టే కాలంలో మగ చిలుక చేసే పని అది. ఈ చివరి సంగతి నేను వైద్యం చేసేటప్పుడు అడిగి తెలుసుకోలేదు. అడిగి ఉంటే చాలా తొందరగా అర్థమయ్యేది.

పంతులు

డిసెంబరు మధ్యలో తీసుకొచ్చారు. కర్ర మీద పట్టు జారుతోంది, రాత్రి రెండుసార్లు కింద పడింది. రెండేళ్ల కిందట నా దగ్గర వేసిన తూకం 128 గ్రాములు, ఇప్పుడు 103. దాదాపు ఐదో వంతు పోయింది. కాలి వేళ్ల కీళ్ల దగ్గర బియ్యపు గింజల్లాంటి తెల్లటి బుడిపెలు. రక్తంలో యూరిక్ యాసిడ్ 27 వచ్చింది. చిలుకల్లో 10 దాటితేనే అనుమానిస్తాం. కిడ్నీలు పాడై, కీళ్లలో యూరిక్ యాసిడ్ పేరుకునే గౌట్ వచ్చింది.

ఎన్నో ఏళ్లు పొద్దుతిరుగుడు గింజలు, వేరుశనగలు, అన్నం. పండ్లు అప్పుడప్పుడు. మన ఇళ్లలో చిలుకలన్నీ తినేది ఇదే. కొవ్వు ఎక్కువ, విటమిన్ ఎ తక్కువ. ఏళ్ల తరబడి ఇలాగే తింటే కాలేయం, కిడ్నీలు, గుండె నుంచి వచ్చే రక్తనాళాలు మూడూ దెబ్బతింటాయి.

చర్మం కింద సెలైన్, యూరిక్ యాసిడ్ తగ్గించే మందు, కిడ్నీలను చూసుకుంటూ నొప్పికి మందు ఇచ్చాం. కర్రలకు నూలు గుడ్డ చుట్టించాను. పడినా దెబ్బ తగలకుండా కర్రలన్నీ కిందికి దించాం. పది రోజులు కాస్త తేరుకుంది. తరవాత తినడం తగ్గింది, నోరు తెరిచి ఊపిరి తీయడం మొదలైంది. నొప్పి తెలియకుండా మత్తిచ్చి పంపే విషయం టీచరమ్మగారితో మాట్లాడాను. "రెండు రోజులు ఆగండి డాక్టరుగారూ" అన్నారు. అంత అవసరం రాలేదు.

ఆ తెల్లవారుజాము

ఉదయం ఐదున్నరకు ఫోన్. "మా పంతులు కింద పడుకున్నాడండీ. కదలడం లేదు." ఆ ఇంటి నుంచి ఎప్పుడు ఫోన్ వచ్చినా వెనక చిలుకల గోల వినిపించేది. ఆ రోజు ఏమీ లేదు.

శరీరాన్ని వెంటనే తీయొద్దన్నాను. చుక్కను ఒక గంట చూడనివ్వమన్నాను. అంటురోగం ఉందేమోనన్న భయం ఉన్నా, పంతొమ్మిదేళ్లు ఒకే గిన్నెలో తిన్న పక్షికి ఇంకో గంటలో కొత్తగా వచ్చే ప్రమాదం పెద్దగా ఉండదు. మనుషులు మాత్రం మాస్కు, గ్లవ్స్ వేసుకోవాలి. నేను చూసిన కేసుల్లో, జత శరీరాన్ని చూడని పక్షి రోజుల తరబడి వెతుకుతూ పిలుస్తుంది, చూసినది తక్కువ పిలుస్తుంది. ఇది నా అనుభవం మాత్రమే, నియమంగా చెప్పను.

చుక్క కాసేపు పైనే ఉందట. తరవాత దిగి, పంతులు మెడ దగ్గర ఈకలను ముక్కుతో రెండుసార్లు లాగి చూసి, ఆగి, మళ్లీ పైకి ఎక్కింది. ఏడుంబావుకు ఒళ్లు విదిల్చి ఒకే ఒక్కసారి అరిచింది.

అప్పుడు శరీరాన్ని తీయించాను. ఇక్కడ చాలామంది పొరపాటు చేస్తారు. పక్షి ఒంటి వేడి ఎక్కువ, ఈకలు ఆ వేడిని పట్టి ఉంచుతాయి, అందుకే లోపలి అవయవాలు త్వరగా చెడిపోతాయి. కొద్దిగా సబ్బు కలిపిన చల్లటి నీళ్లతో ఈకలను చర్మం దాకా తడిపి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఫ్రిజ్‌లో ఉంచాలి. ఫ్రీజర్‌లో పెట్టకూడదు. గడ్డకడితే కణజాలం పాడై పరీక్షకు పనికిరాదు. పాలు, కూరలు ఉండే ఫ్రిజ్‌లో పెట్టడానికి ఇంట్లో మనసు ఒప్పలేదు. ఐస్ ముక్కలు వేసిన థర్మకోల్ డబ్బాలో తెచ్చారు. అదీ సరిపోయింది.

"పోయినవాణ్ణి కోయడం ఎందుకండీ" అని టీచరమ్మగారు అడిగారు. చుక్క కోసం అన్నాను. వెంటనే ఒప్పుకున్నారు.

పోస్ట్‌మార్టంలో కిడ్నీల నిండా తెల్లటి గీతలు, గుండె పైపొర మీద సున్నం చల్లినట్టు యూరేట్లు, అంటే యూరిక్ యాసిడ్ లవణాలు. గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం గోడ పసుపుపచ్చగా, వేలికి గట్టిగా తగిలింది. కాలేయం పాలిపోయి ఉంది. చిలుకల నుంచి మనుషులకూ సోకే సిటకోసిస్ కోసం పంపిన పీసీఆర్ పరీక్ష ఐదు రోజులకు నెగెటివ్‌గా వచ్చింది. అంటే చుక్కకు సోకే జబ్బు కాదు. కానీ చుక్కా అదే తిండి తిన్నది.

చుక్క

ఆ రోజే చుక్కను మొదటిసారి తూకం వేశాను. 121 గ్రాములు. ఈ అంకెను దేనితో పోల్చాలి? ఆరోగ్యమైన రామచిలుక సుమారు 110 నుంచి 140 మధ్య ఉంటుంది. ఇది మామూలుగా 121 ఉండే పక్షా, లేక 132 నుంచి దిగి వచ్చిందా? నా దగ్గర సమాధానం లేదు. పంతొమ్మిది రోజులు అది నా టేబుల్‌కు అడుగు దూరంలో ఉంది.

ఇంట్లో వాడే వంటింటి డిజిటల్ కాటా చాలని చెప్పి, రోజూ పొద్దున రెట్ట వేశాక, మేత పెట్టకముందు తూకం వేయమన్నాను. రెండో రోజు 118. మూడో రోజు 114. రెట్ట మామూలుగా మూడు భాగాలుగా ఉంటుంది: పచ్చటి మలం, తెల్లటి యూరేట్లు, కొంచెం నీరు. మూడో రోజు పేపర్ మీద ముదురు పచ్చటి మరకలే ఉన్నాయి. కడుపులో తిండి లేదని అర్థం. గిన్నెలో గింజలు తగ్గినట్టే కనిపించాయి. దగ్గరకెళ్లి చూస్తే పొట్టు తీసి కింద పడేసింది, మింగలేదు. గిన్నె చూసి తింటోంది అనుకుంటే మోసపోతాం.

మూడో రోజు మధ్యాహ్నమే ఇంకోటి జరిగింది. మనవడు ఫోన్‌లో పంతులు పాత వీడియో పెట్టాడు. పంతులు "బాగున్నారా" అనే మాట స్పష్టంగా పలికేది. పిల్లాడికి బాబాయి పోయినంత బాధ, చుక్కకు కాస్త ఊరటగా ఉంటుందనుకున్నాడు. ఆ గొంతు వినగానే చుక్క పంజరం నాలుగు వైపులా పాకుతూ మూడు గంటలు ఆగకుండా పిలిచింది. మర్నాడు ఏమీ ముట్టలేదు. దయచేసి ఈ పని చేయకండి. అద్దం పెట్టడం కూడా అంతే. పిలుపుకు జవాబు వస్తుంది, పక్షి మాత్రం రాదు.

నాలుగో రోజు 109. పదో వంతు పోయింది. ఒళ్లు పొంగించుకుని పంజరం అడుగున కూర్చుంది. "పంతులు పోయిన చోటే కూర్చుందండీ" అన్నారు కోడలుగారు, కళ్ల నీళ్లతో. నాకూ గుండె పట్టేసింది. కానీ డాక్టరుగా నేను ఆలోచించాల్సింది వేరే. జనవరిలో ఆడ చిలుక ఒళ్లు పొంగించి అడుగున కూర్చుంటే మొదట అనుమానించాల్సింది గుడ్డు అడ్డుపడిందని. దుఃఖం అనుకుని వదిలేస్తే ఒక్క రోజులో ప్రాణం పోతుంది.

ఎక్స్-రేలో గుడ్డు లేదు. కానీ కాళ్ల, రెక్కల ఎముకలు మామూలు కంటే తెల్లగా ఉన్నాయి. ఆడ పక్షి గుడ్డు పెట్టడానికి సిద్ధమయ్యేటప్పుడు ఎముకల లోపల కాల్షియం దాచుకుంటుంది, అందుకే అలా కనిపిస్తుంది. అప్పుడు అడిగాను, పంతులు దీనికి నోటికి అందించేవాడా అని. "ప్రతి ఏడూ సంక్రాంతికి మొదలుపెట్టేవాడండీ. ఈసారి జబ్బులో కూడా నాలుగైదు సార్లు పెట్టాడు" అన్నారు టీచరమ్మగారు.

నాకు అక్కడ అర్థమైంది. ఒంట్లో హార్మోన్లు పెరిగి, మగది తినిపిస్తుందని ఎదురుచూసే కాలంలో చుక్క ఒంటరైంది. మొండికేసి మానేయడం కాదు ఇది. పిలవడం, వేచి ఉండడం, గింజ వలిచి పడేయడం అన్నీ ఆ ఎదురుచూపులో భాగమే. రక్తపరీక్షలో యూరిక్ యాసిడ్ మామూలుగా ఉంది, కాలేయం ఎంజైము కొద్దిగా ఎక్కువ. పక్షి బరువులో నూటికి ఒక వంతుకు మించి రక్తం తీయకూడదు. నీరసంగా ఉన్నదానికి అంత కూడా వద్దని 0.3 మిల్లీలీటర్లతో సరిపెట్టాను.

ఆసుపత్రిలో ఉంచాలా, ఇంట్లోనా అన్నది కష్టమైన నిర్ణయం. క్లినిక్‌లో వెచ్చటి పెట్టె ఉంది, రాత్రి చూసే మనిషి ఉన్నాడు. కానీ పంతులు పోయాక దానికి తెలిసినవి ఆ ఇల్లు, ఆ గొంతులే. అవి కూడా తీసేయడానికి నాకు ధైర్యం చాలలేదు. ఇంట్లోనే ఉంచి, నేను రోజుకు రెండుసార్లు వెళ్లాను. పంజరానికి మూడు వైపులా దుప్పటి, ఒక వైపు బల్బు, లోపల 28 నుంచి 30 డిగ్రీల వేడి. గొట్టంతో, గొంతు కింద ఉండే మేత సంచిలోకి పలచటి వెచ్చటి ఆహారం, మూడు రోజులు. ఇది అలవాటు లేనివాళ్లు ఇంట్లో ప్రయత్నించకూడదు. ఊపిరితిత్తుల్లోకి పోతే అక్కడికక్కడే చచ్చిపోతుంది.

పంతులు గిన్నె, దాని కర్ర తీసేయొద్దన్నాను. కింద పేపర్ రోజూ మార్చాలి, మిగతావి ఉన్నచోటే ఉండాలి. అన్నీ ఒకేసారి కడిగేసి, పంజరం మార్చేసి, కొత్త చోట పెట్టడం మన మనసుకు ఊరట కావచ్చు. పక్షికి అది ఇంకో దెబ్బ. డాబా వైపు కిటికీ మాత్రం మూయించాను. పండగ రోజులు, బయట గాలిపటాల గోల.

చిలుకలు గుంపుగా తినే జాతి. పక్కన ఒకటి తింటుంటే రెండోది తింటుంది. అందుకని టీచరమ్మగారు తన మూడు పూటల భోజనం పంజరం ముందు కూర్చుని చేయాలని మందు చీటీ మీదే రాశాను. పంతులు పోయిన నాటి నుంచి ఆవిడా సరిగా తినడం లేదని కోడలుగారు నాకు వాకిట్లో చెప్పారు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, షుగరుంది. ఆరో రోజు వెళ్లేసరికి పంజరం ముందు పీట వేసుకుని ఇడ్లీ తింటున్నారు. "దానికోసం తింటున్నానండీ" అన్నారు. అలాగే తినండమ్మా, ఆపకండి అన్నాను.

అయినా చుక్క గిన్నె ముట్టలేదు. గిన్నె అంటే దానికి పంతులు ఉన్న చోటు. మలుపు తిరిగింది భోగి ముందు రోజు. కోడలుగారి పుట్టింటివాళ్లు తాండూరు వైపు నుంచి పచ్చి జొన్న కంకులు తెచ్చారు. రెండు కంకులు బాగా కడిగి, గిన్నెకు దూరంగా, పైకర్ర దగ్గర తలకిందులుగా వేలాడదీశాం. పంజరంలో కంకి కట్టడం ఆ ఇంట్లో అదే మొదటిసారి. అరగంట దాన్నే చూసింది. తరవాత కర్ర చివరికి జరిగి, ఒక కాలితో కంకిని పట్టుకుని గింజ పీకింది. మింగింది. మేమందరం గదిలో గుమ్మం వెనక ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. ఆ తరవాత పండుమిర్చి. పక్షులకు మిరప ఘాటు తగలదు, పైగా దాన్లో విటమిన్ ఎ కి కావలసిన పదార్థం బాగా ఉంటుంది. ఆ తరవాత జామ ముక్క, మునగాకు.

ఐదో రోజు 108, ఏడో రోజు 109, పదో రోజు 112, రెండు వారాలకు 115. నలభయ్యో రోజుకు 119. పొద్దుతిరుగుడు గింజలు ఒక్కసారిగా ఆపలేదు. నెల రోజులు తీసుకుని తగ్గించాం. కోలుకుంటున్న పక్షికి తెలిసిన తిండి తీసేయడం ప్రమాదం.

మూడో వారం రొమ్ము మీద ఈకలు పీక్కోవడం మొదలుపెట్టింది, రూపాయి బిళ్లంత మేర. మెడకు కాలర్ వేయలేదు. జామ కొమ్మలు, వేప పుల్లలు ఆకులతో సహా ఇచ్చాం, కొరకడానికి. రాత్రి పదకొండు గంటల పాటు చీకటి, నిశ్శబ్దం. ఒంటరిదై పోయిందన్న జాలితో వీపు నిమరొద్దని ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పాను. వీపు, తోక కింద నిమిరితే ఆ పక్షి మనిషినే జతగా తీసుకుని గుడ్లు పెట్టడం మొదలుపెట్టే ప్రమాదం ఉంది. తల, మెడ వరకే. చుక్క అదీ ఎక్కువసేపు ఒప్పుకోదు. పంతులులా అది ఎప్పుడూ మాట పలకలేదు, ఇప్పటికీ పలకదు.

ఇంకో చిలుకను తేవాలా

వీధిలో అందరూ అదే అన్నారు. ఒకరైతే పిల్లను తెచ్చిస్తామని రేటు కూడా చెప్పారు. వద్దన్నాను. చట్టం ఒక్కటే కారణం కాదు. చెట్టు తొర్రల్లోంచి పిల్లలను తీసే ఈ వ్యాపారంలో పంజరం దాకా చేరకుండానే చాలా చచ్చిపోతాయి. పంతులు అలా వచ్చిందే. పైగా రామచిలుకల్లో ఆడది తన చోట్లోకి హఠాత్తుగా వచ్చిన కొత్తదాన్ని తీవ్రంగా గాయపరచగలదు.

అసలు ప్రశ్న వేరే. చుక్కకు ఇంకా చాలా ఏళ్ల ఆయుష్షు ఉండొచ్చు. టీచరమ్మగారే ఆ మాట ఎత్తారు, "నా తరవాత దీని గతేంటి డాక్టరుగారూ." ఫిబ్రవరిలో కుటుంబమే అటవీ శాఖకు రాసింది. ఇది ఎగరలేదని, వదిలితే బతకదని, బరువు నిలబడే వరకు తరలించకూడదని నేను రిపోర్టు ఇచ్చాను. ఏప్రిల్ చివర, జత కట్టే కాలం దాటాక, ఎగరలేని చిలుకలను ఉంచే ఒక సంరక్షణ కేంద్రానికి పంపాం. ముందే అక్కడి సిబ్బంది రెండుసార్లు ఇంటికి వచ్చి దాని మేత, నిద్ర వేళలు రాసుకున్నారు. దాని పాత కర్ర, పంతులు గిన్నె వెంట వెళ్లాయి. నలభై ఐదు రోజులు విడిగా ఉంచారు. తరవాత రెండు వారాలు జాలీకి అవతల మిగతా చిలుకలు కనిపించేలా పెట్టి, ఆ తరవాతే లోపలికి వదిలారు.

అక్కడ మొదటి వారం బరువు నాలుగు గ్రాములు తగ్గింది. నేను రెండు రాత్రులు సరిగా నిద్రపోలేదు. మళ్లీ పెరిగింది.

ఇప్పుడు నా క్లినిక్‌లో ఏ పక్షి వచ్చినా కేసు షీటు మీద "తోడు ఎవరు" అని ఒక గడి ఉంటుంది. జతను కూడా తీసుకురమ్మంటాను, అదే రోజు తూకం వేస్తాను. ఎవరు ఎవరికి తినిపిస్తారు, ఎవరు ముందు నిద్రపోతారు అని అడుగుతాను.

చుక్క ఆ కేంద్రంలో ఇంకా ఎవరితోనూ జత కట్టలేదు. ఒక ముసలి ఆడ చిలుక పక్కన, చేతి వెడల్పు దూరంలో నిద్రపోతుంది. రొమ్ము మీద ఈకలు సగం వచ్చాయి. టీచరమ్మగారు నెలకు రెండు ఆదివారాలు వెళ్లి, జాలీ ముందు కూర్చుని, తెచ్చుకున్న టిఫిన్ డబ్బా విప్పుతారు. పోయిన ఆదివారం తూకం 122 గ్రాములు.